వెనక్కి పిలవని బేరం

బేరంలో నన్ను మించినవాళ్లు కరీంనగర్ జిల్లాలో ఉండేవాళ్లు కాదని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. చీర కానీ, చేట కానీ, రిక్షా కిరాయి కానీ, చెప్పిన ధరకు నేనెప్పుడూ ఒప్పుకోలేదు. ఒకసారి రైల్లో నా పక్కన కూర్చున్నామె జామకాయలు కొంటుంటే ఆమె తరఫున కూడా నేనే బేరమాడాను. ఆమె నన్ను అడగలేదు. ఇంతటిదాన్ని కాబట్టి, ఉచితంగా ఇస్తామన్న చదువును కూడా బేరమాడాను. మత్తుమందు ఇచ్చే నర్సుగా శిక్షణ, ఉండటానికి గది, తిండి, దారి ఖర్చు అన్నీ ఆస్పత్రివే. నేను ఒప్పుకోవలసిన షరతు ఒక్కటే. దాన్ని తగ్గించమన్నాను. తగ్గించకపోతే లేచి వచ్చేశాను. ఊరికే వచ్చేదాన్ని కూడా ఖరీదు ఎక్కువని వదిలేసిన ఘనత మా వంశంలో నాకొక్కదానికే దక్కింది.

నర్సింగ్ చదువుకుంటున్న అమ్మాయిలు అప్పుడప్పుడు నన్ను పిలిచి, మార్కులు తక్కువ వచ్చినా పైకి ఎట్లా రావచ్చో చెప్పమంటారు. నేను పోయి రాత్రింబవళ్లు చదివిన సంగతి, ఇంటర్వ్యూలో నెగ్గిన సంగతి చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వస్తాను. ఆ రెండూ నిజమే. వాటికి ముందు జరిగినది మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. రాసేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండరు కాబట్టి ఇక్కడ చెప్తున్నాను.

పెద్దపల్లిలో మాది గాజుల దుకాణం. బాపు గల్లా దగ్గర కూర్చునేవాడు. వచ్చినవాళ్లకు అవ్వా నేనూ గాజులు తొడిగేవాళ్లం. చేతికి సరిగ్గా కుదిరే గాజు చెయ్యి దాటేటప్పుడు నొప్పి పుట్టించే ఎక్కుతుంది. బొటనవేలి మొదలు నొక్కిపెట్టి, వేళ్లన్నీ ఒక్కటిగా చేసి, అదే సమయంలో ఆమెను మాటల్లో పెట్టాలి. మీ తమ్ముని పెండ్లి కుదిరిందా, మీ బర్రె ఈనిందా అని అడుగుతూ ఆమె మొహం చూస్తూ ఉండాలి. కనుబొమ్మ ముడిపడితే ఆగాలి, సడలితే తోయాలి. ఈ విద్య నాకు చిన్నప్పుడే పట్టుబడింది.

ఇంకొకటి కూడా పట్టుబడింది. మా వైపు ధర కుదరకపోతే గిరాకి లేచి దుకాణం మెట్లు దిగుతుంది. గబగబా దిగదు. కొంగు సర్దుకుంటుంది, పిల్లను చంకకెత్తుకుంటుంది, ఎదుటి దుకాణం వైపు ఒక అడుగు వేస్తుంది. వెనక్కి మాత్రం చూడదు, చూస్తే ఓడినట్టే. ఆమె ఆ దుకాణం చేరేలోపు మేము పిలవాలి. పిలిస్తే ఆమె ధరకు ఇవ్వాలి. పిలవకపోయినా ఆమే తిరిగి వచ్చిందంటే ఇక మా ధరే. "తిరిగొచ్చిన గిరాకికి పైస గూడ ఇడువద్దు" అనేవాడు బాపు. అట్లా తిరిగివచ్చినవాళ్లు తల వంచుకుని చెయ్యి చాపడం నేను చాలాసార్లు చూశాను. మాకు అదొక తమాషా.

ఈ తెలివి బడిలో దేనికీ పనికిరాలేదు. మేము చదువు మొదలుపెట్టినప్పుడు పాఠాలు ఉర్దూలో ఉండేవి. పోలీసు చర్య తర్వాత కొన్నాళ్లకు తెలుగులోకి మారాయి. లెక్కల్లో, సైన్సులో నాకు మార్కులు ఎందుకు రాలేదని ఎవరు అడిగినా, భాష మారింది కదా అనేదాన్ని. అందరూ అయ్యో అనేవాళ్లు. నా పక్కనే అదే బల్ల మీద కూర్చున్న పోస్టుమాన్ కూతురికి కూడా అదే భాష అట్లాగే మారింది. ఆమె మొదటి తరగతిలో పాసైంది. ఈ ముక్క చెప్పేదాన్ని కాదు. నేను మెట్రిక్ మూడో దండయాత్రలో, అంచు మీద నడిచి, అవతల పడ్డాను.

తర్వాత రెండు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి. అప్పట్లో మిషన్ ఆస్పత్రుల్లో నర్సు చదువుకు అమ్మాయిలు దొరికేవాళ్లు కాదు. గోదావరి వైపున్న ఒక చిన్న ఆస్పత్రి, ఊరి పేరు చెప్పను, నా మార్కులను పెద్దగా పట్టించుకోకుండా చేర్చుకుంది. గాజులు తొడిగిన చేతులతో మందిమలం ఎత్తుతావా అని అవ్వ నాలుగు రోజులు ఏడ్చింది. నాకు ఆ పని నచ్చింది. పరీక్షలు ఎట్లాగో గట్టెక్కి అక్కడే స్టాఫ్ నర్సునయ్యాను. కొత్తగా చేరిన పిల్లలకు పక్క పరచడం, సూది ఉడికించడం నేర్పే స్థాయికి వచ్చాను. వాళ్లు నన్ను అక్కా అనేవాళ్లు, నేను కనిపిస్తే లేచి నిలబడేవాళ్లు. ఈ లేచి నిలబడటాన్ని గుర్తుపెట్టుకోండి, నా బుద్ధి అక్కడే గడ్డి తిన్నది.

ఆ ఆస్పత్రిలో ఆపరేషన్లకు ఈథర్ ఇచ్చేది ఒక ముసలి నర్సు. ఆమెను అందరం పెద్దక్క అనేవాళ్లం. తీగతో చేసిన మాస్కు మీద గుడ్డ పరచి, దాన్ని రోగి ముక్కూ నోరూ కప్పేలా ఉంచి, సీసాలోంచి చుక్క చుక్కగా ఈథర్ వదలడం, ఊపిరి వింటూ పెదవుల రంగు చూస్తూ కూర్చోవడం ఆమె పని. అంతకు మించి యంత్రాలేమీ లేవు. పెద్దక్క కళ్లకు పొరలు వస్తున్నాయి. ఆమె స్థానంలో ఒకరిని దక్షిణాన ఉన్న ఒక పెద్ద ఆస్పత్రికి పంపి, మత్తు ఇవ్వడంలో శిక్షణ ఇప్పించాలని మా డాక్టరమ్మ అనుకుంది. ఆమె సముద్రాలు దాటి వచ్చిన మనిషి. ఎవరో పండితుడి దగ్గర తెలుగు నేర్చుకుంది, అచ్చం పుస్తకంలా మాట్లాడేది. నేను రోగులను మాటల్లో పెట్టే తీరు చూసి నా పేరే రాసి పంపింది. అక్కడివాళ్లు నా మార్కులు చూశారు.

ఒకరోజు డాక్టరమ్మ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచింది.

"నీ మార్కులు వారికి నచ్చలేదు. అయినను ఒక మార్గము చూపినారు. నీవు ఆరు నెలలు మొదటి సంవత్సరపు పిల్లలతో తరగతిలో కూర్చుని లెక్కలు, రసాయన శాస్త్రము, భౌతిక శాస్త్రము మరల చదువవలెను. పరీక్ష వ్రాయవలెను. ఉత్తీర్ణురాలవైన యెడల నిన్ను ఇంటర్వ్యూకు పిలిచెదరు."

నాకు మొదట కళ్ల ముందు కనబడింది రసాయన శాస్త్రం కాదు. నేను తలుపులోంచి వస్తే లేచి నిలబడే పిల్లల మధ్య, అదే బెంచీ మీద, లెక్క రాక పెన్సిలు నములుతూ కూర్చున్న నేను.

"ఆరు నెలలెందుకమ్మా? మూడు నెలలు సాలు" అన్నాను.

"ఆరు నెలలు."

"నాలుగు. క్లాసుల గాదు, పెద్దక్క దగ్గర కూసోని సదువుకుంట. పరీక్ష నోటితోని అడుగుండ్రి."

"తరగతిలో. ఆరు నెలలు. వ్రాత పరీక్ష."

"అయిదు నెలలమ్మా, ఇగ ఆఖరి మాట."

ఆమె కలం మూత తిప్పుతూ నా వైపే చూసింది. చిన్నప్పటి నుంచి నా ఒంట్లో ఉన్నది నన్ను లేపింది. "గట్లయితె నాకు వద్దమ్మా" అని నిలబడ్డాను. ఏప్రాన్ సర్దుకున్నాను. టోపీకి పిన్ను సరిచేసుకున్నాను. వరండాలోకి వచ్చి, మెట్లు ఒక్కొక్కటే దిగి, కుళాయి దగ్గర ఆగి, మురికి లేని చేతులు కడుక్కున్నాను. వెనక్కి చూడలేదు. కుళాయి నీళ్లు ఎంతసేపు పోతాయో అంతసేపు కడుక్కున్నాను.

ఎవరూ పిలవలేదు.

ఆ వారమంతా ఏదో ఒక పని పెట్టుకుని ఆఫీసు కిటికీ ముందు నుంచి నడిచాను. పెద్దక్కకు కళ్లు మసకే కానీ ఇది మాత్రం కనిపించింది.

"ఏందే గాజుల పోరీ, గా కిటికి ముంగట ఏమన్న పారేసుకున్నవా?"

"డాక్టరమ్మ పిలుస్తదేమోనని చూస్తున్న అక్కా."

"ఎందుకు పిలుస్తది?"

"నేను వద్దని లేసచ్చిన గద."

"వద్దని లేసినదాన్ని ఎవలన్న ఎందుకు పిలుస్తరే?"

చెప్పాను. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వి నవ్వి దగ్గు వచ్చి, గోడ పట్టుకుని స్టూలు మీద కూలబడింది. "ఓ నా తల్లీ, ఆస్పత్రిని గాజుల దుకాణం చేసినవా! పో, ఇప్పుడే పో. ఆమె గది ముంగట నిలబడి, సదువుకుంటనమ్మా అను."

"తిరిగి పోతే నా ఇజ్జత్ ఏం గావాలక్కా?"

నవ్వు ఆపేసింది. "ఇజ్జతా? మాస్కు పెట్టినంక మనిషి ఊపిరి ఆగిందనుకో. అప్పుడు నీ ఇజ్జత్ ఊదుతదా ఆ నోట్లె?"

అయినా పోలేదు. సెలవు పెట్టి పెద్దపల్లి పోయి బాపుకు చెప్పాను. ఆయన ఉబ్బిపోయాడు. "మంచిగ చేసినవ్ బిడ్డా. వాళ్లకు మనిషి గావాలె, నీకు సదువు గావాలె. ఎవలకు అవసరం ఎక్కువున్నదో వాళ్లే పిలుస్తరు. ఫికర్ చెయ్యకు." లోపల బియ్యం ఏరుతున్న అవ్వ అక్కణ్నుంచే అడిగింది, "అవసరం ఎవలకెక్కువున్నదో ఈ పోరికి ఎరుకనేనా?" మేమిద్దరం ఆ మాట విననట్టు చాయ్ తాగాం.

ఆ ఏడు సీటు ఖాళీగా పోయింది. మా దగ్గర పంపదగ్గవాళ్లు ఇంకెవరూ లేరు. కొన్నాళ్లకు పెద్దక్క ఇక చూపు ఆనడం లేదని చెప్పి మందమర్రిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మాస్కు పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. ఆమె పక్కన నిలబడి ఎక్కువ రోజులు చూసిందాన్ని నేనే. డాక్టరమ్మ వేరే దారి లేక సీసా నా చేతికిచ్చింది. "నీవు నా మాట ప్రకారము మాత్రమే నడుచుకొనవలెను" అంది.

నిజం చెప్తున్నాను, ఆ రోజు నేను గెలిచాననుకున్నాను. సరుకు ఇంటికి వచ్చింది, ధర ఇవ్వలేదు! తరగతి లేదు, పరీక్ష లేదు, పిల్లలు లేచి నిలబడుతూనే ఉన్నారు. పైగా పని కూడా బాగానే చేశాను. బొగ్గుబాయి కూలీ కాలికైనా, రైతు వరిబీజానికైనా, మాస్కు పెట్టి వాళ్ల ఊరి సంగతి అడుగుతూ, కనుబొమ్మ చూస్తూ, చుక్కలు వదిలేదాన్ని. మాట మధ్యలో నిద్రలోకి పోయేవాళ్లు. "నీ దగ్గర వారు భయపడరు" అని డాక్టరమ్మ ఒకసారి అన్నది. ఆ మాటను నేను డిగ్రీలాగా దాచుకున్నాను. తెలిసింది ఎంతో, తెలియనిది ఎంతో కొలుచుకోవడానికి నా దగ్గర కొలతే లేదు. అది నేర్పేదే నేను కాదని వచ్చిన చదువు.

వానలు వెనకబట్టిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, పక్క ఊరి నుంచి గూడు కట్టిన కచ్చురం బండి వచ్చింది. తొలిచూలు కాన్పు. నొప్పులు మొదలై రెండో రోజు, బిడ్డ అడ్డం తిరిగింది. పొట్ట కోసి తీయాల్సిందే అని డాక్టరమ్మ చేతులు కడగడానికి పోయింది. నేను ఆ పిల్లను సిద్ధం చేయాలి. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చేతుల నిండా ఎర్ర గాజులు. థియేటర్లోకి అవి పోకూడదు. పగలగొడతానేమోనని ఆమె పిడికిళ్లు బిగించింది.

"పగులగొట్టకు సిస్టరమ్మా. మా ఆయన మంచిగుండాలె."

"నేను గాజుల దుకాణపోళ్ల బిడ్డను. ఒక్కటి పగిలినా నా పేరు మార్చు" అన్నాను. ఒక్కటి కూడా పగలకుండా తీసి, రుమాలులో మూటగట్టి, పక్కన నిలబడిన ఆమె అత్తకు ఇచ్చాను. అత్త బక్కపలచని ముసలామె. మూటను రెండు చేతులతో తీసుకుంది. అప్పుడే అడిగాను, పెద్దక్క ప్రతి ఒక్కరినీ అడగడం చూశాను కాబట్టి.

"పెద్దమ్మా, ఏమన్న తిన్నదా ఈ పిల్ల?"

"లే బిడ్డా. నిన్నటిసంది మంచినీళ్లు సుత ముట్టలే."

అంటున్నప్పుడు ఆమె కళ్లు వరండా అవతల నిలిపిన బండి వైపు పోయాయి. ఒక్క క్షణం. బండిలో మూత పెట్టిన కంచుగిన్నె ఒకటి ఉంది.

దుకాణంలో పుట్టిపెరిగినదాన్ని. అబద్ధం చెప్పే మొహం నాకు తెలియదంటే నమ్మకండి. చూశాను. ఇంకొక్క ప్రశ్న అడగొచ్చు. కానీ అడిగి, ఆమె అవునని ఒప్పుకుంటే? అప్పుడు నేను డాక్టరమ్మ దగ్గరికి పోయి చెప్పాలి. చెప్తే ఆమె, మరి నీవేమి చేసెదవు అంటుంది. తిన్నవాళ్లకు మత్తు ప్రమాదమని మాత్రమే నాకు తెలుసు. తిన్నవాళ్లకే ఇవ్వాల్సివస్తే ఏం చేయాలో తెలియదు. తెలియదని ఆ గదిలో, ట్రే పట్టుకుని నిలబడిన పిల్లల ముందు, చెప్పాలి. అందుకని ముసలామె మాటను నిజం చేసుకున్నాను. పనికి వచ్చే మాట కదా.

మాస్కు పెట్టాను. మీ ఊరి చెరువు నిండిందా అని అడిగాను. నిండింది అంది. ఇంకేదో అనబోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది. మత్తు ఎక్కే ముందు కొందరు అట్లా గింజుకుంటారు. అదే అనుకుని మాస్కును ఇంకా గట్టిగా అదిమాను. అది వాంతి. మాస్కు అంచుల్లోంచి జొన్న గట్క మెతుకులు బయటికి వచ్చేదాకా నాకు తెలియలేదు.

"తల పక్కకు! మాస్కు తీయుము!" డాక్టరమ్మ శుభ్రం చేసుకున్న చేతులతోనే పరుగెత్తుకొచ్చి ఆమె తల తిప్పి వేళ్లతో నోరు శుభ్రం చేసింది. నోట్లోది లాగే కాలిపంపు నా పక్కన ఉండాలి. పక్క గదిలో, బీరువాలో ఉంది. తెచ్చేసరికి ఆమె పెదవులు నేరేడు రంగు అయ్యాయి. ఊపిరి తిరిగి వచ్చింది. ఆపరేషన్ జరిగింది. ఆడపిల్ల, గట్టిగా ఏడ్చింది. తల్లి మాత్రం కళ్లు తెరిచి బిడ్డను చూసిందే కానీ, ఊపిరితిత్తుల్లోకి పోయింది పోయింది. జ్వరం, ఆయాసం. మూడో రోజు పొద్దున పోయింది.

డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వార్డు బయట ముసలామె నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పాక్కుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది.

"నేనే సంపుకున్న బిడ్డా. కచ్చురంల గట్క నాలుగు బుక్కలు పెట్టిన, జర తాకతుంటదని. తిన్నదంటే మీరు ఆపరేషన్ చెయ్యరని బండి తోలెటోడు జెప్పిండు. గందుకే లేదన్న. నన్ను తిట్టు బిడ్డా, నన్ను కొట్టు."

నేను ఆమెను లేపాను. "ఊకో పెద్దమ్మా" అన్నాను. అంతే అన్నాను. నీ కళ్లు బండి వైపు పోయినప్పుడు నేను చూశానని అనలేదు. నాలుగు బుక్కలు తినకపోయినా, అన్ని గంటల నొప్పుల్లో ఉన్న మనిషి కడుపు ఖాళీగా ఉందని నమ్మకూడదని, ఏం తినలేదన్నా తిన్నట్టే లెక్కగట్టి తల దించి, పంపు పక్కన పెట్టుకుని మొదలుపెట్టాలని అప్పటికి నాకు తెలియదు. చూశానన్నది మాత్రం తెలుసు. ముసలామె ఏడుస్తూ తిట్టమంటుంటే, క్షమించేదానిలాగా నిలబడ్డాను.

మర్నాడు డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాను.

"సదువుకుంటనమ్మా."

"ఇప్పుడు ఆరు నెలలు చాలవు. ఒక సంవత్సరము. అంతవరకు నీవు మాస్కు పట్టుకొనరాదు."

"అట్లనేనమ్మా."

పోబోయి, ఆగి, ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది అడిగాను. "ఆ రోజు నన్నెందుకు పిలవలేదమ్మా? నేను నిజంగ వద్దనలేదు."

"ఎరుగుదును. నీవు మెట్లు ఎంత మెల్లగా దిగితివో చూచితిని. ఇరువది సంవత్సరములుగా ఇక్కడి సంతలో వంకాయలు కొనుచున్నాను. నేను పిలుతునని నీవు నీళ్ల యొద్ద నిలిచితివి." కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "పిలువవలసినది. నాకును పౌరుషము వచ్చినది. ఆ తప్పు నాది." తప్పు తనదేనని ఆ సాయంత్రం ప్రార్థనకు చేరిన అందరి ముందూ చెప్పింది, శిక్షణ లేనిదానికి సీసా ఇచ్చింది తానేనని. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. అక్కడ లేచి ఒక్క మాట కలపడానికి నాకు అదొక అవకాశం. నేల చూస్తూ కూర్చున్నాను.

ఆ ఏడాది తరగతి గురించి సభల్లో చెప్పి నవ్విస్తుంటాను కాబట్టి కొంచెమే రాస్తాను. మొదటి రోజు నేను లోపలికి పోతే పిల్లలంతా అలవాటుగా లేచి నిలబడ్డారు. నేను పోయి వెనక బెంచీలో కూర్చున్నాను. వాళ్లకు కూర్చోవాలో నిలబడాలో తెలియలేదు. మందమర్రి నుంచి వచ్చిన బొగ్గుబాయి కార్మికుని బిడ్డ ఒకతె నా పక్కన ఉండేది. నూటికి ఇన్ని పాళ్ల మందు కలపడమన్న లెక్క నాకు బుర్రకెక్కకపోతే తల పట్టుకునేది. "అక్కా, నిన్న బజార్ల కుంకుడుకాయలోన్ని గడగడలాడించినవ్ గద, గప్పుడు ఈ లెక్కలన్ని ఏడికెల్లి వచ్చినయ్?" "గది నోటిలెక్కనే!" అన్నాను. "గట్లయితే నోరు తెరువు, రాసుడు నేను జేస్త." ఆమె పుణ్యమా అని పాసయ్యాను. ఈసారి అంచు మీద కాదు.

ఇక ఇంటర్వ్యూ. సభల్లో నేను గొప్పగా చెప్పేది ఇదే. పెద్ద గది, పొడుగు బల్ల, వెనక నలుగురు డాక్టర్లు. నా పాత మార్కులు ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతున్నాయి. ఒకాయన, "ఇంత బలహీనమైన చదువుతో ఈ పనికి ఎందుకు వచ్చావు?" అని అడిగాడు. భాష మారిందన్న పాత సరుకు నాలుక చివరిదాకా వచ్చింది. వద్దనుకున్నాను. ఆ పిల్ల సంగతి చెప్పాను. చెప్తుంటే నిజంగానే ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఒక కంటితో వాళ్ల మొహాలు చూశాను. వాళ్లలో చివరన కూర్చున్న ఒకామె కాగితాలు పక్కకు పెట్టింది. నమ్ముతున్నారని తెలిసింది. ఎర్ర గాజుల మూట గురించి అప్పటిదాకా చెప్పలేదు. మంచి రకం లోపలి గదిలోంచి చివరికి తెస్తాం కదా, అట్లా అది చివరికి తెచ్చాను.

"రోగి తిన్న విషయం మీకు తెలియదా?" అని మొదటాయన అడిగాడు.

"వాళ్ల అత్త దాచిపెట్టింది సార్" అన్నాను.

నలుగురూ తలలూపారు. పల్లెల్లో ఇదే తంటా అని ఒకరితో ఒకరు అనుకున్నారు. అట్లాంటి కేసు మళ్లీ వస్తే ఏం చేస్తావని అడిగారు. ఆ ఏడాదిలో అది ఒక్కటే వెయ్యిసార్లు చదివాను కాబట్టి, తల ఎంత దించాలో, పంపు ఎటు పక్క ఉండాలో అన్నీ చెప్పాను. సీటు వచ్చింది. దక్షిణాన శిక్షణ పూర్తిచేసి, తిరిగి మా ఆస్పత్రికే వచ్చి, చాలా ఏళ్లు అక్కడే పనిచేశాను.

ఇప్పుడు బిల్లు. నామోషి పేరుతో నేను పోగొట్టుకున్న కాలం నాదే, చదివి తీర్చుకున్నాను, అది పెద్దదేమీ కాదు. డాక్టరమ్మ తన వంతు తనే అందరి ముందూ చదివి తీసుకుంది. శిక్షణ ఉన్నా ఆ పిల్ల బతికేదో లేదో చెప్పలేమని తర్వాత ఒకసారి నన్ను ఓదార్చింది. నేను ఆ తగ్గింపు తీసుకోలేదు. ఆ తర్వాత నా చేతుల మీదుగా నిద్రపోయి మేలుకున్నవాళ్లందరినీ ఆ పిల్లకు ఎదురు వేసుకోమని మావాళ్లు అంటారు. అట్లా కుదరదు. ఒకరి దగ్గర ఎక్కువ గుంజి ఇంకొకరికి ఊరికే ఇస్తే, ముందు మనిషి మోసపోయినట్టే ఉంటుంది.

ముసలామె ఊరు మా ఆస్పత్రికి బండి దారే. ఆ ఊరినుంచి రోగులు వస్తూనే ఉండేవాళ్లు. ఆమె మనవరాలిని సాకుతోందని చెప్పేవాళ్లు. ఎవరింట్లో నొప్పులు మొదలైనా పిలవకుండానే పోయి గడపలో కూర్చుని, "ఏం పెట్టకుండ్రి, నేను పెట్టి నా కోడలిని సంపుకున్న" అని చెప్తోందని కూడా చెప్పారు. అది విని థియేటర్లో అందరూ ఆమెను మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఒక్క ఆదివారం ఆ ఊరికి పోయి, పెద్దమ్మా, నువ్వు లేదన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు, తెలిసే మాస్కు పెట్టాను అని చెప్పి ఉంటే, ఆమె మోసేదాంట్లో సగమైనా నా మీదికి వచ్చేది. పోలేదు. ఆమె చనిపోయిందని కూడా ఆ ఊరివాళ్లే వచ్చి చెప్పారు. నా వంతుతో సహా మొత్తం ఆమే కట్టి పోయింది.